కోపం చాలదు

2009 నవంబరు మూడో తేదీ, మంగళవారం. క్రాగ్‌షా అనే ఇంగ్లీషు పట్టణంలో వాన పైనుంచి కాక పక్కనుంచి కురుస్తున్న ఉదయం. టౌన్‌హాలు మెట్ల మీద నలుగురి గొడుగులు ఒక్కసారిగా తిరగబడ్డాయి. ఆ నలుగురూ, ఎవరి గొడుగు ఎవరికి తగిలిందో తేలకముందే, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటున్నారు. వాళ్ల మధ్యనుంచి, గొడుగన్నది లేకుండా, తడిసిన గొర్రెబొచ్చు కోటుతో ఒక భారీ విగ్రహం లోపలికి దూసుకుపోయింది. ఆవిడే బెరిల్ గార్సైడ్, పట్టణ కౌన్సిల్ పిల్లల సేవల విభాగంలో ఫిర్యాదుల అధికారి. లోకంలో ఏ ఫిర్యాదుల అధికారి అయినా, వచ్చిన ఉత్తరంలో కోపం ఎక్కువైందని నొచ్చుకుంటారు. ఈవిడ మాత్రం కోపం తక్కువైందని ఉత్తరాన్ని తిప్పి పంపేవారు.

ఇది అలంకారానికి అన్న మాట కాదు. ఆవిడ బల్ల మీద కొయ్యపిడి రబ్బరు ముద్ర ఒకటి ఉండేది. సంతలో చెప్పులు కుట్టే దుకాణంలో ప్రత్యేకంగా చేయించుకున్నారు. దాని మీద రెండే మాటలు: కోపం చాలదు. ఉత్తరం చదవడం, ముక్కుతో బుస్సుమనడం, ఎర్రసిరాలో ముంచి ధన్‌మని కొట్టడం. ఆ ధన్‌మన్న చప్పుడుకు పైఅంతస్తులో టైపు చేసేవాళ్లు అక్షరం తప్పేవారని ప్రతీతి.

ఊళ్లో అందరూ ఆవిడను బెరిల్ అనేవారు. నాకు నోరు రాలేదు. పెద్దావిడను ఉత్త పేరుతో పిలిచే వ్యాకరణం నేను చదువుకోలేదు. అందుచేత ఇంటిపేరుకు ఒక 'అమ్మ'ను చేర్చి గార్సైడమ్మ అన్నాను. ఆవిడ అర్థం అడిగి తెలుసుకుని, "ఉండనివ్వండి మాస్టారూ. దాని మీద ఫిర్యాదేమీ లేదు" అన్నారు. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

నేను అక్కడ ఎందుకున్నానో కూడా చెప్పాలి. పిల్లల ఫిర్యాదును విచారించేటప్పుడు కౌన్సిల్‌కు చెందని మనిషి ఒకరు పక్కన ఉండాలని నియమం. అతన్ని 'స్వతంత్ర వ్యక్తి' అంటారు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి, గంట కొడితే లేచి గంట కొడితే కూర్చున్న నన్ను, స్వతంత్రుడని ఒక ప్రభుత్వం కాగితం మీద గుర్తించడం అదే మొదలు. ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. దానిలో రెండు విరామచిహ్నాలు తప్పు.

ఇక ముద్ర కథ. కౌన్సిల్‌కు వచ్చే ఉత్తరాలు ముందు గార్సైడమ్మ గదికి వచ్చేవి. ఆ గది టౌన్‌హాలు నేలమాళిగలో, ఆవిరి బాయిలరు పక్కన ఉండేది. ఆవిడ ఒక లావుపాటి పుస్తకంలో ఏదో ఎక్కించుకుని, ఉత్తరాల నకళ్లు మూడో అంతస్తుకు పంపేవారు. అక్కడ విభాగాధిపతి గ్రేమ్ పిల్లింగ్ గారి గదిలో మూడు ట్రేలు. మెప్పు, వ్యాఖ్య, ఫిర్యాదు. ఫిర్యాదుకు పది పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. వ్యాఖ్యకు ఎవరూ ఏమీ ఇవ్వనక్కరలేదు. పిల్లింగ్ గారు ఒక సూత్రం కనిపెట్టారు. ఉత్తరంలో 'క్షమించండి' అని గాని 'దయచేసి' అని గాని 'ధన్యవాదాలు' అని గాని ఉంటే అది ఫిర్యాదు కాదు, వ్యాఖ్య.

క్రాగ్‌షా జనం ఎటువంటివారో చెప్పాను గదా. కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడే క్షమాపణ చెబుతాడు. తలుపు తగిలితే తలుపుకు చెబుతాడు. అటువంటి ఊళ్లో ఈ సూత్రం పెడితే ఏమవుతుంది? వ్యాఖ్యల బీరువా నాలుగు అరలూ నిండి తలుపు మూతపడలేదు. ఫిర్యాదుల దస్త్రం అప్పడమంత మందం. ఏటేటా పిల్లింగ్ గారు కౌన్సిలర్ల ముందు నిలబడి, వెన్నలాంటి గొంతుతో, "ఈ ఏడు కూడా ఫిర్యాదులు తగ్గాయి" అని చదివేవారు. కౌన్సిలర్లు బల్లలు చరిచేవారు. ఇన్నేళ్ల తరవాత ఈ వాక్యం రాస్తుంటే కూడా నా కలం కాగితంలోకి దిగబడుతోంది.

నెల్లీ క్రాబ్‌ట్రీ అని ఒక అమ్మమ్మ ఉండేది. కూతురి బిడ్డను తనే సాకుతోంది. కౌన్సిల్ ఇస్తానన్న మంచం ఏడు నెలలైనా రాలేదు. ఆవిడ రాసింది: "బాబు నేలమీద పరుపు వేసుకుని హాయిగానే నిద్రపోతున్నాడు. మీకు వీలున్నప్పుడు మంచం సంగతి చూస్తే సంతోషం. ఇబ్బందికి క్షమించండి." గార్సైడమ్మ ధన్‌మని ముద్ర కొట్టి తిప్పి పంపారు. నాలుగో రోజున ఫోను మోగింది. నేను పక్కనే ఉన్నాను. నెల్లీ గొంతు గది అవతలికి కూడా వినిపించింది.

"ఏమ్మా, కోపం చాలదా? నువ్వెవరు చెప్పడానికి? డెబ్బై ఏళ్లొచ్చాయి నాకు!"

"బాగుంది. ఇంకా?"

"ఇంకానా? పిల్లాడు నేలమీద పడుకుంటే జలుబు వదల్లేదు. మీ ఇంట్లో మంచాల్లేవా, మీ ఆఫీసులో మనుషుల్లేరా?"

"ఆఁ, ఈ ముక్క రాయండి. ఇదే ముక్క."

"రాస్తా! నీ మీద కూడా రాస్తా!"

"తప్పకుండా రాయండి. రెండు వేరు వేరు కాగితాల మీద రాయండి, కలిపేస్తారు."

రెండూ వచ్చాయి. మంచం తొమ్మిదో రోజున వచ్చింది. తన మీద వచ్చిన రెండోదాన్ని గార్సైడమ్మ తనే విచారించి, తనే తీర్పు రాశారు: "ఆరోపణ నిజమని తేలింది. సదరు అధికారిణి మొండిది, నోటి దురుసుది. ఇకముందు కూడా అలాగే ఉండే అవకాశం ఉంది." ఆ ఏడు ఆవిడ మీద నలభై ఒక్క ఫిర్యాదులు వచ్చాయి. నలభై ఒక్కటీ నిజమని తేల్చి, గోడకు గుచ్చుకున్నారు. పెళ్లి ఫొటోలు చూపించినట్టు వచ్చినవాళ్లకు చూపించేవారు. "ఇదిగో, దీనిలో రెండో పేరా చూడండి. ఈ మనిషి మొదటి ఉత్తరంలో తన నీడను కూడా క్షమించమని అడిగాడు."

ఆఫీసు వదిలినా ఈ వ్యసనం వదిలేది కాదు. ఒక శుక్రవారం వేయించిన చేపలూ బంగాళాదుంప చిప్సూ అమ్మే దుకాణం దగ్గర వరసలో నిలబడ్డాం. మా ముందు ఒక ముసలాయన పొట్లం విప్పి ఒక చిప్ నోట్లో పెట్టుకున్నాడు. ముఖం వాడిపోయింది.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు దుకాణదారు.

"చాలా బాగున్నాయి, థాంక్స్."

"బాగున్నాయా?" గార్సైడమ్మ గొంతుకు గాజుపెట్టె అదిరింది. "మీ ముఖం చూస్తే అలా లేదే! ఏమయ్యాయి చిప్స్?"

"అబ్బే, ఏం లేదమ్మా... కొంచెం... మెత్తగా..."

"గట్టిగా!"

"మెత్తగా ఉన్నాయి."

"ఆయనకు వినపడలేదు!"

"మెత్తగా ఉన్నాయయ్యా! తడిసిన అట్టముక్కల్లా ఉన్నాయి! ఇరవై ఏళ్లనుంచీ ఇలాగే ఉన్నాయి!"

వరస మొత్తం చప్పట్లు కొట్టింది. తరవాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరు బఠాణీ అన్నారు, ఒకరు వెనిగర్ అన్నారు, వెనక ఎవరో రైళ్లన్నారు. దుకాణదారు ఆ రోజు ఏడింటికే తలుపులు మూశాడు. మరుసటి శుక్రవారం చిప్స్ కరకరలాడాయి.

ఇంతవరకు నవ్వులాట. ఇక ఆ మంగళవారం వచ్చిన ఉత్తరం దగ్గరికి వస్తాను.

ఆవిడ కోటు విడవకుండానే కవరు చింపి, చదివి, నా ముందు పెట్టారు. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. గుండ్రని అక్షరాలు.

"గౌరవనీయులైన అధికారి గారికి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. మీకు చాలా పనులుంటాయని నాకు తెలుసు. మా తమ్ముడు డెక్లన్‌ను చూసి ఆరు శనివారాలు అయింది. వాడికి ఆరేళ్లు. వాణ్ణి దూరంగా వేరే ఇంటికి మారుస్తారని విన్నాను. వెళ్లేముందు ఒకసారి చూడగలిగితే బాగుండును. వీలుకాకపోతే పర్వాలేదు. మీ సమయానికి ధన్యవాదాలు. మార్నీ టాటర్‌సాల్, వయసు పన్నెండు."

నిజం చెప్పేస్తాను. నాకు మొదట కలిగింది గర్వం. మార్నీ నేను ఉద్యోగం విడవడానికి ముందు చెప్పిన చివరి తరగతిలోని పిల్ల. మర్యాదగా ఉత్తరం రాయడం ఎలాగో నల్లబల్ల మీద ఆరు మెట్లుగా రాసి నేర్పింది నేనే. ముందు క్షమాపణ, తరవాత ఎదుటివారి తీరికలేమి పట్ల సానుభూతి, తరవాత విషయం, తరవాత 'వీలుకాకపోతే పర్వాలేదు', చివర ధన్యవాదం, సంతకం. పిల్ల ఒక్క మెట్టు తప్పలేదు.

"ఎలా ఉంది?" అన్నారు గార్సైడమ్మ.

"అద్భుతం. చూశారా, ఒక్క కామా కూడా తప్పు పోలేదు!"

"అందుకే ఎందుకూ పనికిరాదు." ధన్!

అక్కాతమ్ముళ్లను కౌన్సిల్ రెండేళ్ల కిందట తన రక్షణలోకి తీసుకుని, చెరొక ఇంట సాకడానికి పెట్టింది. ప్రతి శనివారం రెండు గంటలు కలిపి కూర్చోబెడతామని రాసి ఇచ్చింది. కారు నడిపే మనిషి లేడని ఒక వారం, పక్కన కూర్చునే ఉద్యోగికి సెలవని ఒక వారం, కారణమే చెప్పకుండా నాలుగు వారాలు. ప్రతిసారీ పిల్ల పేర ఒకే వాక్యం వెళ్లింది: "ఈ వారపు కలయిక రద్దు చేయబడినది." ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. చేయబడినది! ఎవరిచేత? కర్మణి ప్రయోగం మన భాషకు సహజం కాదని, ఆ దేశం వెళ్లకముందు మన బడుల్లో పిల్లలకు చెప్పాను. ఆ ఊరి భాషకు అది సహజమే గాని, అక్కడ కూడా దానిని ఎక్కువగా వాడేది చేసినవాడు దాక్కోవలసి వచ్చినప్పుడే. ఆ వాక్యంలో కారుంది, వారముంది, కలయిక ఉంది. మనిషి మాత్రం లేడు. ఆ మనిషి దొరికితే చెవి మెలిపెట్టాలని నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

డెక్లన్‌ను మార్చే తేదీ నవంబరు ఇరవై, శుక్రవారం. రెండు రైళ్లూ ఒక బస్సూ మారితే గాని చేరలేని సముద్రతీరపు ఊరు. అంత దూరానికి శనివారపు కారు ఎలా వెళుతుందని ఎవరూ అడగలేదు. అయితే నియమావళిలో ఒక మంచి వాక్యం ఉంది. పిల్లల బతుకును మార్చే నిర్ణయం మీద ఫిర్యాదు నమోదైతే, అది తేలేదాకా నిర్ణయాన్ని ఆపమని ఫిర్యాదుల అధికారి కోరవచ్చు. ఫిర్యాదు నమోదైతే, అని. వ్యాఖ్య చాలదు.

పదో తేదీన మార్నీ రెండో ఉత్తరం వచ్చింది. "మొదటి ఉత్తరం సరిగ్గా రాయనందుకు క్షమించండి" అని మొదలైంది. మిగిలినదంతా మొదటిదానికంటే మర్యాదగా ఉంది. ధన్!

నా ఓపిక తెగింది. ముప్పై నాలుగేళ్లలో తరగతిలో గొంతు పెంచనివాణ్ణి, ఆ నేలమాళిగలో బాయిలరుతో పోటీపడి అరిచాను.

"మీకు బుద్ధుందా? పదిరోజుల్లో ఆ పసివాణ్ణి తీసుకుపోతారు! మీరు ఇక్కడ ముద్రలు కొట్టుకుంటూ కూర్చున్నారు! ఎక్కించండి, ఆ ఉత్తరాన్ని ఫిర్యాదుగా ఎక్కించండి! ఆ పిల్ల కోపం మీకు తూచి ఇవ్వాలా?"

గార్సైడమ్మ ముఖం వెలిగిపోయింది. "మాస్టారూ! మీకూ వచ్చిందే!" అని సొరుగులోంచి అల్లం బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టారు. బహుమతి! నేను దాన్ని గోడకేసి కొట్టాను. అది నలభై ఒక్క ఫిర్యాదుల మీదుగా జారి కిందపడింది.

"సోమవారం పిల్ల దగ్గరికి వెళ్దాం. మీరూ రండి" అన్నారు ఆవిడ. "కోపంగానే రండి."

పదహారో తేదీ సాయంత్రం బడి వదిలే వేళకు ఆవిడ చిన్న కారులో బయలుదేరాం. ఆవిడ కారు నడపడం గురించి రెండు పేజీలు రాయవచ్చు. రాయను. దారిలో ఒక కూడలి దగ్గర, మాకు అడ్డం వచ్చినవాడు తనే చేతులెత్తి క్షమాపణ చెప్పాడు. ఆవిడ అద్దం దించి, "తప్పు నాది! నన్ను తిట్టండి!" అని అరిచారు. అతను భయపడి వెళ్లిపోయాడు.

"ఈ పిచ్చి మీకు ఎప్పటినుంచి?" అన్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు.

"మా ఆయన ఆర్నాల్డ్ పోయిన దగ్గర్నుంచి" అన్నారు రోడ్డు చూస్తూ. "కడుపులో నొప్పి. డాక్టరును ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాడు. పద్నాలుగు నెలలు అన్నాడు. చివరికి తీసుకెళితే, ఆలస్యంగా వచ్చినందుకు డాక్టరుకు క్షమాపణ చెప్పాడు." గేరు కరకరలాడింది. "ఆ డాక్టరు పర్వాలేదన్నాడు, మాస్టారూ. పర్వాలేదట!"



మార్నీని సాకుతున్నావిడ మంచిది. టీ ఇచ్చి, పళ్లెంనిండా బిస్కెట్లు పెట్టి, మమ్మల్ని ముందుగదిలో వదిలి వంటింట్లోకి వెళ్లింది. మార్నీ బల్ల అంచున కూర్చుంది. పొడుగైంది. నన్ను చూసి లేచి, "గుడాఫ్టర్నూన్ సార్. మీరు ఇంత వానలో రావలసి వచ్చింది, సారీ సార్" అంది.

"కూర్చో. వానకు కారణం నువ్వు కాదు" అన్నారు గార్సైడమ్మ. "ఎందుకు తల్లీ నీకు కోపం రాదు?"

"వస్తుంది మేడమ్."

"మరి రాయవేం?"

పిల్ల నా వైపు చూసింది, తరవాత వంటింటి తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించి, తెలిసిన లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"అరిచేవాళ్లని మార్చేస్తారు మేడమ్. మొదటి ఇంట్లో అరిచాను, మార్చారు. రెండో ఇంట్లో ప్లేటు విసిరాను, మార్చారు. ఇది మూడోది. ఇక్కడ ఒక్కసారి కూడా అరవలేదు. అందుకే ఉంచారు."

 నల్లబల్ల మీది ఆరు మెట్లు నా కళ్లముందు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. నేను నేర్పింది మర్యాద. పిల్ల నేర్చుకున్నది దాక్కోవడం.

ఆవిడ కప్పు పక్కన పెట్టారు. "విను. ఇకమీద నువ్వు అరిస్తే మార్చరు. మారిస్తే నా మీద ఫిర్యాదు పెట్టు. నేను విచారించి నన్ను నేనే ఉరి తీయించుకుంటాను. సరేనా? ముందు నాతోనే మొదలుపెట్టు. నా మీద ఏదో ఒకటి చెప్పు."

"ఏం లేదు మేడమ్."

"లేకుండా ఉండదు. వెతుకు."

మార్నీ ఆవిడను పైనుంచి కిందిదాకా చూసింది. "మీ కోటు... తడిసిన కుక్క వాసనొస్తోంది."

"భేష్! ఇంకా?"

"బిస్కెట్లన్నీ మీరే తినేశారు. సార్‌కి ఒక్కటీ మిగల్లేదు."

"నిజం. ఇంకా? గొంతు పెంచు."

"మీరు నా ఉత్తరం తిప్పి పంపారు! రెండుసార్లు! నేను ఎంతసేపు కూర్చుని రాశానో తెలుసా? చిత్తుప్రతి కూడా రాశాను!"

"ఇంకా?"

"ఇంకా ఏంటి! ఎనిమిది శనివారాలు! కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నా! కారు రాదని కూడా ఎవరూ ఫోను చెయ్యరు, సోమవారం ఉత్తరం వస్తుంది! డెక్లన్ బూట్ల లేసులు వాడికి కట్టుకోవడం రాదు, నేను సగమే నేర్పాను! సగం నేర్పి వదిలేస్తే వాడెలా నడుస్తాడు? పడిపోడా? మీరెవరూ అడగలేదు! నన్నడగలేదు!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మార్నీ లేచి నిలబడి ఉంది. తను అరిచిన సంగతి అప్పుడే తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తలుపు తెరుచుకుంది. సాకుతున్నావిడ కళ్లు తుడుచుకుంటూ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇంకా ఉన్నాయి, అరవండమ్మా" అని మళ్లీ లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం అక్కడే రాసిన మూడో ఉత్తరంలో క్షమాపణ లేదు, ధన్యవాదం లేదు. కామాలు కూడా లేవు. నేను ఒక్కటి కూడా పెట్టలేదు. గార్సైడమ్మ రెండుసార్లు చదివి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. ముద్ర సంగతి ఎత్తలేదు.

పద్దెనిమిదో తేదీ, బుధవారం, మూడో అంతస్తు. పిల్లింగ్ గారు మార్నీకి కుర్చీ జరిపి మరీ వేశారు. అంత మర్యాదస్తుణ్ణి కొట్టాలనిపించడం నాకు కొత్త.

"అలా అనిపించినందుకు మేం చాలా విచారిస్తున్నాం మార్నీ" అన్నారాయన. "కానీ చూడు, నీ ఫిర్యాదు సోమవారం రాసింది. డెక్లన్ మార్పు అంతకుముందే ఖాయమైంది. నీ పాత ఉత్తరాలు రెండూ వ్యాఖ్యలు. చక్కటి వ్యాఖ్యలు. ఇంత బాగా రాసే పిల్ల బాగానే ఉందని మేమంతా సంతోషించాం."

"ఖాయమైంది ఎప్పుడు?" అన్నారు గార్సైడమ్మ.

"ఐదో తేదీన."

ఆవిడ లావుపాటి పుస్తకం తీసి ఆయన బల్ల మీద పడేశారు. మూడు ట్రేలూ ఎగిరిపడ్డాయి. నేను తొంగి చూశాను. నవంబరు 3. మార్నీ టాటర్‌సాల్. వర్గం అన్న గడిలో: ఫిర్యాదు. పక్కన: నిర్ణయం ఆపమని అదేరోజు విభాగాధిపతికి విజ్ఞప్తి. దాని పక్కన, అందినట్టు మూడో అంతస్తు గుమాస్తా సంతకం.

"నాకు విజ్ఞప్తేదీ రాలేదే" అన్నారు పిల్లింగ్ గారు.

"వచ్చింది. వ్యాఖ్యల ట్రేలో చూడండి."

వెతికారు. అడుగునుంచి మూడోదిగా దొరికింది. గార్సైడమ్మ నా వైపు తిరిగారు. ముఖం కందగడ్డలా ఉంది. "ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి 'దయచేసి' అని రాశాను, మాస్టారూ. పసివాడి విషయం గదా, మర్యాదగా అడుగుదామని. చూశారా ఏమైందో!"

పిల్లింగ్ గారు చట్టం తెలిసినవారు. విజ్ఞప్తి నిర్ణయానికి రెండు రోజుల ముందు అందిందంటే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. శుక్రవారపు ప్రయాణం అక్కడికక్కడ ఆగింది. కానీ నిర్ణయాన్ని ఆపడం వేరు, మార్చడం వేరు. దాన్ని మార్చింది పుస్తకం కాదు.

"ఇప్పుడు నీకేమన్నా చెప్పాలనుందా మార్నీ?" అన్నారాయన నీరసంగా.

"ఉంది" అంది మార్నీ. లేచి నిలబడింది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. లేసులతో మొదలుపెట్టి లేసులతో ముగించింది. మధ్యలో ఒకసారి పిల్లింగ్ గారు, "నీకు అలా అనిపించినందుకు..." అనబోతే, "అనిపించలేదు, జరిగింది!" అని బల్ల చరిచింది. అంతవరకు ఆ గదిలో ఎవరూ ఆయనను మనిషిలా చూసి కోప్పడలేదనుకుంటాను. ఆయన కర్మణి ప్రయోగం వదిలేశారు. "నేను రద్దు చేశాను" అన్నారు నెమ్మదిగా. "ఆరుసార్లు నేనే సంతకం పెట్టాను." తక్కిన రెండుసార్లు కాగితం కూడా వెళ్లలేదట.

డెక్లన్ సముద్రతీరానికి వెళ్లలేదు. మార్నీ ఇంటికి పదకొండో నంబరు బస్సులో నాలుగు స్టాపుల దూరంలో ఒక ఇల్లు దొరికింది. ఆ ఇల్లు అంతకుముందు కూడా అక్కడే ఉంది. శనివారం కారు రాకపోతే పిల్లింగ్ గారే స్వయంగా మార్నీకి ఫోను చేయాలని రాసుకున్నారు. ఆయన రెండేళ్లలో ఒక్కసారే చేయవలసి వచ్చింది. మార్నీ పావుగంట చీవాట్లు పెట్టిందని ఆయనే నాతో చెప్పుకున్నారు.

నేను ఆ మధ్యాహ్నం నేలమాళిగకు వెళ్లి ఆ పుస్తకం మొత్తం తిరగేశాను. నెల్లీ మంచం ఉంది, మొదటి ఉత్తరం వచ్చిన రోజునే, ఫిర్యాదుగా. ముద్ర కొట్టి తిప్పి పంపిన ప్రతి ఉత్తరం ఉంది, వచ్చిన రోజునే, ఫిర్యాదుగా. ఒక్కదాన్ని కూడా ఆవిడ వ్యాఖ్యగా ఎక్కించలేదు. పిల్లింగ్ గారు ఏటా లెక్కపెట్టింది తన ట్రేని. బాయిలరు వేడికి భయపడి ఈ పుస్తకం తెరవడానికి ఎవరూ కిందికి దిగలేదు. మరుసటి మార్చిలో కౌన్సిలర్లకు దాన్ని చదివి వినిపించింది గార్సైడమ్మే. పందొమ్మిది అనుకున్నవి నాలుగు వందల పన్నెండని తేలింది. బల్లలు ఎవరూ చరచలేదు.

"మరి ఎందుకండీ ఈ ముద్ర?" అన్నాను. "మొదటి ఉత్తరానికే అన్నీ చేసేశారు గదా. పిల్లను రెండు వారాలు ఎందుకు ఏడిపించారు? నన్నెందుకు ఏడిపించారు?"

"పుస్తకానికి ఆ పిల్ల కోపం అక్కర్లేదు" అన్నారు ముద్రను గుడ్డతో తుడుస్తూ. "ఆ పిల్లకు కావాలి. రేపు నేనుండను. మీరుండరు. కోపం వాళ్ల దగ్గరుండాలి." తరవాత బుస్సుమన్నారు. "నా బిస్కెట్ విసిరేశారు మీరు. దాని మీద ఫిర్యాదు ఎక్కించాను, ముప్పై ఏడో పేజీ."

నిజంగానే ఎక్కించారు.

పదవీ విరమణ నాడు ఆవిడ ఆ ముద్రను ఎవరికిచ్చారో నాకు చెప్పలేదు. చాలా ఏళ్ల తరవాత, 2019 ఏప్రిల్‌లో, ఆవిడనుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను. విరామచిహ్నాలు ఆవిడవే.

"మాస్టారూ,

నేనిప్పుడు పెద్దవాళ్ల ఆశ్రమంలో ఉన్నాను. మోకాళ్లు. ఇక్కడ రోజూ కస్టర్డ్ చల్లగా పెడతారు. మేనేజరుకు ఒక చీటీ రాశాను: 'ఇబ్బందికి క్షమించాలి. కస్టర్డ్ కొంచెం వెచ్చగా ఉంటే బాగుండును. వీలుకాకపోతే పర్వాలేదు.' అవును, నేనే రాశాను. నవ్వకండి. వీళ్లు మంచిపిల్లలు, పని ఎక్కువ. అదొక్కటే కాదు. ఇక్కడ కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. అరిస్తే వేరే గదికి మారుస్తారేమోనని భయం వేసింది. డెబ్బై నాలుగో ఏట నాకా భయం తెలిసింది.

మార్నీ ప్రతి శనివారం వస్తుంది. పదకొండో నంబరు బస్సు తనే నడుపుతోంది ఇప్పుడు. ఆ రూటులో ప్రయాణికులు ఎంత బాగా తిడతారో మీరొకసారి ఎక్కి వినాలి. డెక్లన్ కూడా వస్తాడు. ఆరడుగులు. లేసుల్లేని బూట్లు వేసుకుంటాడు. దాని మీద నాకు అభ్యంతరం ఉంది.

మేనేజరుకిమ్మని ఆ చీటీ మార్నీ చేతికిచ్చాను. మరుసటి శనివారానికి అది నా దిండు మీద ఉంది. అడ్డంగా ఎర్రగా నా ముద్రే. వెనక తన రాత: 'మారిస్తే నా మీద ఫిర్యాదు పెట్టండి.'

రెండోసారి రాశాను మాస్టారూ. మూడు పేజీలు. అలా రాసి చాలా ఏళ్లైంది, ఒళ్లంతా హాయిగా ఉంది. నకలు దీనితో పంపుతున్నాను. మీరు కామాలు ముట్టుకుంటే ఊరుకోను.

కస్టర్డ్ నిన్న పొగలు కక్కుతూ వచ్చింది. నాలుక కాలింది. ఇప్పుడు దాని మీద రాస్తున్నాను.

బెరిల్ గార్సైడమ్మ"